తోటగెడ్డ అధికారిక నాదం

ఆ ఏడు తొలకరి పడిన మర్నాడు సన్యాసమ్మ పెరట్లో నేలంతా జల్లెడ అయిపోయింది. ఆ చిల్లుల్లోంచి కీచురాళ్ళు పైకొచ్చాయి. ఒకటీ రెండూ కాదు, పుట్ట పగిలినట్టు వచ్చాయి. పనసమాను మీదికి పాకి, ఒంటి మీది పొట్టు విప్పి బెరడుకే తగిలించి, కొత్త రెక్కలు ఆరబెట్టుకుని, ఎండెక్కేసరికి గోల అందుకున్నాయి. కోతమిల్లు చెట్టెక్కి కూర్చున్నట్టుంది ఆ గోల. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టాలి.

"ఇయ్యన్నీ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయే అమ్మా?" అని చినతల్లి అరిచింది.

"ఊడిపళ్ళేదే, మొలిసినాయి. నాల్రోజులుంటాయి, పోతాయి. సుట్టాల్లాగ కాదు," అని సన్యాసమ్మ తిరిగి అరిచింది.

సన్యాసమ్మ బస్టాండులో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతుంది. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. చినతల్లి ఒక్కగానొక్క కూతురు, పురిటికి వచ్చింది. నెలలు నిండుతున్న పిల్ల. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా పెరటి మూలకి పరుగెత్తాలి. పెరటి మూల, సరిగ్గా పనసచెట్టు కింద, లెట్రిన్ ఉంది.

ఈ లెట్రిన్ గురించి ఇక్కడే చెప్పుకోవాలి. ప్రభుత్వ పథకంలో కట్టిందది. గోడలున్నాయి, కప్పుంది, రేకు తలుపుంది. గడియ మాత్రం కట్టిన ఏడే ఊడి చేతికొచ్చింది. దానివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. గడియ లేని తలుపుకి మన దేశంలో గొంతే గడియ. లోపలున్నవాళ్ళకి అడుగుల చప్పుడు వినబడగానే ఒక దగ్గు దగ్గుతారు. బయటివాళ్ళు అక్కడే ఆగిపోతారు. ఇది ఏ బడిలోనూ చెప్పరు, అయినా అందరికీ వచ్చు. సన్యాసమ్మ దగ్గు వీధికంతా తెలుసు. ముందు ఒక మూలుగు, దాని వెనకాల ఒక ఉరుము. "ఉహ్హూఁ... అహెమ్!" ఆ దగ్గు వింటే పక్కింటి కుక్క కూడా తోవ మార్చుకుంటుంది.

ఇదిలా ఉండగా ఆ రోజుల్లోనే పైనెవరికో ఒక ఆలోచన పుట్టింది. ప్రతి పట్టణానికీ సొంతంగా ఒక సహజమైన శబ్దం ఉండాలట. దాన్ని వెతికి పట్టి, రికార్డు చేసి, కాపాడి, రాజధానికి పంపాలట. పథకం పేరు 'మన ఊరి నాదం'. పక్క పట్టణం వాళ్ళు జలపాతాన్ని రాయించేసుకున్నారు. ఆ పై పట్టణం వాళ్ళకి నెమళ్ళు దొరికాయి. తోటగెడ్డకి ఉన్నదల్లా బియ్యం మిల్లు, బస్టాండు, ఎప్పుడూ పగిలే కుళాయి గొట్టం. నాదం లేని పట్టణానికి నాదం లేని కమిషనరని పేరొస్తుందని మున్సిపల్ కమిషనర్ విశ్వంభరరావుగారికి దిగులు పట్టుకుంది. ఆ దిగులుతో జీపులో వెళుతుంటే సన్యాసమ్మ వీధి మొగలో ఆయన చెవిన కీచురాళ్ళు పడ్డాయి.

జీపు ఆగింది. సిబ్బందితో సహా పెరట్లోకి దిగారు. పనసచెట్టు కింద నిలబడి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ చాచారు. పైనుంచి సన్నటి తుంపర ఆయన ముఖం మీద పడింది.

"ఆహా! ప్రకృతి మాత పన్నీరు చిలకరించి స్వాగతిస్తోంది," అన్నారు.

"పన్నీరు కాదు బాబూ, పురుగుల ఉచ్చ," అంది సన్యాసమ్మ. "ఆటికి అదే పని. రసం పీలుత్తాయి, కిందకి ఒదుల్తాయి. నోరు ముయ్యండి, నోట్లో పడతాది."

కమిషనర్ గారు రుమాలు తీశారు గానీ ఉత్సాహం తుడుచుకోలేదు. ఆ సాయంత్రం ఆఫీసువాళ్ళు వచ్చి ఎత్తుగా ఉంటుందని లెట్రిన్ కప్పు మీద రికార్డు యంత్రం పెట్టి పోయారు. మర్నాడు మధ్యాహ్నం తీసుకెళ్ళారు. ఈలోగా ఇంట్లో జరిగేవి ఇంట్లో జరిగాయి. సన్యాసమ్మ లోపలుండగా చినతల్లి ఆగలేక తలుపు దగ్గరకొచ్చింది. ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా వచ్చింది. సన్యాసమ్మ దగ్గినప్పుడల్లా దగ్గింది.

ఆ తర్వాతి రోజున పెరటి చుట్టూ ఆకుపచ్చ వల కట్టారు. బోర్డు పెట్టారు: 'నాద క్షేత్రం. మానవ శబ్దములు నిషేధం.' తవిటినాయుడనే కాపలాదారుణ్ణి ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టారు.

"మరి నా లెట్రిన్ అందులో ఉండిపోనాది కదా బాబూ?" అంది సన్యాసమ్మ.

"సదరు మరుగుదొడ్డి నాద మూలానికి అత్యంత సమీప పరిధిలో ఉంది," అన్నారు కమిషనర్ గారు. "రేకు తలుపు కిర్రుమంటుంది. నీళ్ళ చప్పుడు ఉంటుంది. ఇంకా ఇతరత్రా చప్పుళ్ళు ఉంటాయి. మార్గదర్శకాలు ఒప్పుకోవు."

"అయితే గెడ్డ ఒడ్డుకెల్తాం."

"వీల్లేదు! మనది బహిరంగ మలవిసర్జన లేని పట్టణం. కిందటేడే ప్రకటించుకున్నాం. బయట కూర్చుంటే జరిమానా."

"లోపలికెల్లకూడదు, బయటికెల్లకూడదు. మరెక్కడికెల్లాల బాబూ?"

"ఈ విషయంలో స్పష్టత కోరుతూ పైకి నివేదించాం. తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు సహకరించాలి."

"దానికి తెలీదు కదా బాబూ, పైనుంచి రాత్తారని," అంది సన్యాసమ్మ కూతురి కడుపు చూపించి. కమిషనర్ గారు అప్పటికే జీపెక్కారు.

సహకారం మొదలైంది. వీధి చివర పోలమ్మ ఇంట్లో లెట్రిన్ ఉంది. పోలమ్మ మాట కటువు గానీ మనసు మంచిది. తోవ మాత్రం దూరం. చినతల్లి ఒక చేత్తో నడుం పట్టుకుని, ఒక చేత్తో చెంబు పట్టుకుని నడుస్తుంటే అరుగు అరుగు నుంచీ ఒక పలకరింపు.

"ఏటమ్మా, మళ్ళీనా?"

"ఇందాకే కదే ఎల్లినావు!"

పోలమ్మ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు, వాళ్ళ పిల్లలు, మంచం పట్టిన మామ. అక్కడా వరసే. వరసలో నిలబడి నిలబడి చినతల్లి ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్ళు తాగడం మానేసింది.

పరీక్షకి వచ్చిన ఆస్పత్రి నర్సు ఆ కాళ్ళు చూసి కళ్ళెర్రజేసింది. "కాళ్ళు ఇలా పొంగిపోయాయేంటి? నీళ్ళు తాగట్లేదా? ఇలాగైతే నీకూ ముప్పే, లోపలి బిడ్డకీ ముప్పే."

సన్యాసమ్మ కడవ తెచ్చి కూతురి ముందు పెట్టింది. "తాగు."

"తాగితే ఎల్లాల కదే అమ్మా!" అని చినతల్లి బావురుమంది.

ఆ ఏడుపు తవిటినాయుడికి వినబడింది. వల అవతలనుంచి తల పైకెత్తి, "నెమ్మదిగా ఏడవండమ్మా. మానవ శబ్దం కిందకొత్తాది," అన్నాడు.

ఇంతలో నాద క్షేత్రం ప్రారంభోత్సవం వచ్చింది. మానవ శబ్దం నిషేధమైన చోట శామియానా వేశారు. మైకులు కట్టారు. డప్పులు పెట్టారు. రిబ్బను కత్తిరించగానే టపాసులు పేల్చారు. చెట్టుమీది కీచురాళ్ళు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. కమిషనర్ గారు నిశ్శబ్దం విలువ మీద మైకులో చాలాసేపు మాట్లాడి, "ఇప్పుడు మన ఊరి నాదం విందాం," అని చెట్టువైపు చెయ్యి చూపించారు. ఆకు కదల్లేదు. ఆఖరికి రికార్డింగే పెట్టారు.

గీఁ మని కీచురాళ్ళు స్పీకర్లలోంచి అరిచాయి. జనం చెవులు మూసుకున్నారు. ఆ గీఁ మధ్యలోంచి స్పష్టంగా వచ్చింది:

"ఉహ్హూఁ... అహెమ్!"

పోలమ్మ మోచేత్తో సన్యాసమ్మని పొడిచింది. "ఓలె సన్నేసీ, అది నీ దగ్గు కాదేటే?"

"నాదే." సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "తెల్లారగట్లది."

వీధి ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. ప్రజలు ఆనందంతో పులకించారని పేపర్లో పడింది.

నవ్వు అక్కడితో అయిపోవలసింది. కాలేదు. రికార్డింగు రాజధానికి వెళ్ళింది. అక్కడ నాద నిపుణుల సంఘం ఉంది. కీచురాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉన్నాయి, తోటగెడ్డ ప్రత్యేకత ఏమీ లేదు అని పక్కన పెట్టబోయారట. అంతలో వాళ్ళకి ఆ రెండో శబ్దం తగిలింది. మూలుగు, ఆపైన ఉరుము. మళ్ళీ వేసుకున్నారు. మళ్ళీ విన్నారు. ఈ స్థాయిలో పలికే కీటకం ఇంతవరకు ఎక్కడా నమోదు కాలేదని తేల్చారు. పురుగు పెద్దదై ఉండాలన్నారు. ఛాతీ వెడల్పుగా ఉండాలన్నారు. బహుశా ఒంటరి జీవి అన్నారు. తోటగెడ్డకి మొదటి బహుమతి ప్రకటించారు. సంఘం అధ్యక్షులు ఆచార్య వరాహమూర్తిగారు స్వయంగా వచ్చి ఆ నాదాన్ని ప్రత్యక్షంగా విని పతకం ఇస్తారన్నారు.

ఈ సంగతి తెలియగానే సన్యాసమ్మ శెనక్కాయల బుట్ట పోలమ్మకి అప్పజెప్పి ఆఫీసుకి వెళ్ళింది.

"బాబూ, అది పురుగు కాదు. నాను. లెట్రిన్లో కూసోని దగ్గినాను."

కమిషనర్ గారు కళ్ళజోడు తీశారు. "చూడమ్మా. ప్రతిష్ఠ వచ్చేసరికి అందరూ నాదే అంటారు."

"పతిష్ట మీరే ఉంచుకోండి. నా తోవ నాకిచ్చీండి. పిల్ల నీల్లు తాగడం మానేసినాది."

"రాష్ట్రస్థాయి నిపుణులు పురుగని నిర్ధారించాక మనిషినని చెప్పడానికి నీకేం అధికారం ఉంది?"

"ఇప్పుడే దగ్గి సూపిత్తాను. ఇనండి." సన్యాసమ్మ గుండెల నిండా గాలి పీల్చింది.

"వద్దు!" కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. "రక్షిత నాదాన్ని అనుకరించడం నేరం. ఈసారికి వదిలేస్తున్నాను."

అయితే కమిషనర్ గారికి వేరే చిక్కు వచ్చిపడింది. పెరడు మూసిన దగ్గర్నుంచీ ఆ అరుదైన నాదం ఒక్కసారి కూడా వినబడలేదని తవిటినాయుడు చెప్పాడు. రక్షణ చాలడం లేదని కమిషనర్ గారికి తోచింది. వల పక్కన రెండో వల వేయించారు. పురుగు బెదురుతోందని వీధిలో సైకిల్ గంటలు ఆపించారు. సన్యాసమ్మ రోకలి పట్టుకెళ్ళారు. పోలమ్మ కోడిపుంజుని బుట్ట కింద మూయించారు. రక్షణ పెరిగేకొద్దీ ఆ నాదం మరీ వినబడకుండా పోయింది. ఈ గొడవలో అసలు కీచురాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వాటి ఋతువు అయిపోయింది. పాడవలసింది పాడేసి, కొమ్మల్లో గుడ్లు పెట్టేసి, ఒక్కొక్కటే వెల్లకిలా రాలిపోయాయి. చీమలు వచ్చి మోసుకుపోయాయి. చీమల మీద నిషేధం లేదు.

ఆచార్యులవారు వచ్చే రోజు వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, మెత్తగా మాట్లాడే పెద్దమనిషి. పురపాలక సంఘం తరఫున పనసపొట్టు ఆవకూర, పులిహోర, పరమాన్నం, పైన గ్లాసుల కొద్దీ మజ్జిగ పెట్టారు. తర్వాత పెరట్లో వరసగా కుర్చీలు వేసి, లెట్రిన్ పక్కన చెట్టుకి మైకులు బిగించి, అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. వల అవతల వీధి వీధంతా నిలబడింది.

ఎంతసేపటికీ ఏమీ పలకలేదు. ఆచార్యులవారు కుర్చీలో ఇటు ఒత్తిగిల్లారు. అటు ఒత్తిగిల్లారు. ఆయనకి చక్కెర జబ్బు ఉంది, లోపల మజ్జిగ ఉంది. చివరికి కమిషనర్ చెవి దగ్గరకి వంగారు.

"ఇక్కడ... సదుపాయం..."

కమిషనర్ గారి ముఖం పాలిపోయింది. "సార్, మార్గదర్శకాలు మీరే రాశారు. ఈ పరిధిలో మానవ శబ్దం..."

"శబ్దం లేకుండానే వెళ్తానయ్యా!" అని ఆచార్యులవారు పళ్ళ బిగువున అని, పంచె ఎగ్గట్టి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ రేకు తలుపు వెనక్కి మాయమయ్యారు.

సరిగ్గా అప్పుడే చినతల్లి ఇంట్లోంచి వచ్చింది. నర్సు తిట్టిన తిట్లకి ఆ పొద్దున సన్యాసమ్మ దగ్గరుండి కడవలో నీళ్ళు తాగించింది. పోలమ్మ ఇంటిదాకా వెళ్ళే ఓపిక లేదు. పిల్ల వల ఎత్తి లోపలికి దూరింది.

"అమ్మా, ఆగండి! మానవ..." అని తవిటినాయుడు అడ్డం రాబోయాడు.

"తొలుగు," అంది సన్యాసమ్మ. తవిటినాయుడు తొలిగాడు. ఆ గొంతు ముందు కుక్కలు తొలిగాయి, వాడెంత.

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా చినతల్లి నేరుగా నడిచివెళ్ళి రేకు తలుపు మీద చెయ్యి వేసింది.

లోపలనుంచి వచ్చింది:

"ఉహ్హుఁ! అహెమ్! అహెమ్!"

ఆచార్యుడైతేనేం, ఆయనా ఎప్పుడో గడియ లేని తలుపు వెనక పెరిగినవాడే. నోరు తన పని తాను చేసేసింది.

కుర్చీలు తిరగబడ్డాయి. "వచ్చింది! వచ్చింది!" అని కమిషనర్ గారు గెంతారు. ఫొటోలవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. సంఘం సభ్యుడొకాయన కళ్ళు తుడుచుకుని, "రెండు ఉరుములు! రికార్డులో ఒకటే ఉంది! సంతానోత్పత్తి కాలం అయ్యుంటుంది!" అన్నాడు. చప్పట్లు మోగాయి.

చప్పట్లు మోగుతుండగా తలుపు తెరుచుకుంది. ఆచార్యులవారు బయటికి వచ్చారు. జనాన్ని చూశారు. మైకుల్ని చూశారు. ఏమి జరిగిందో ఆయనకి మెల్లగా అర్థమైంది. పంచె సర్దుకుంటూ నిలబడిపోయారు. చినతల్లి ఆయన పక్కనుంచి దూరి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

సన్యాసమ్మ దగ్గరకి వచ్చింది. ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన చూపు దించుకున్నారు.

"నీల్లు ఆ గోలెంలో ఉన్నాయి బాబూ," అంది మెల్లగా. "సెయ్యి కడుక్కోండి. కడుక్కున్నాక ఆలకి సెప్పండి, ఆ పురుగు ఎలగ పలుకుతాదో. మీకూ తెలిసినాది, నాకూ తెలుసు. నా పిల్లకి తోవుంటే నాను మాటాడను."

ఆచార్యులవారు చేతులు కడుక్కున్నారు. మైకు అందుకున్నారు. "సోదరులారా, ఈ కీటకం, ఎట్లాగంటే, మానవ సాన్నిహిత్యంలో మాత్రమే పలుకుతుంది. గృహస్థుల నిత్య గమనాగమనాలు దీని జీవనచక్రంలో భాగం. వారిని నిరోధిస్తే ఈ జాతి నశిస్తుంది. తక్షణమే తోవ తెరవండి."

కమిషనర్ గారు ఆ పురుగుని కళ్ళారా చూడాలన్న తహతహతో లెట్రిన్ వైపు రెండడుగులు వేశారు. లోపలనుంచి సన్నగా, సిగ్గుగా ఒక దగ్గు వచ్చింది.

"సార్!" కమిషనర్ గారు అక్కడికక్కడే ఆగిపోయారు. "పిల్లపురుగు కూడా ఉంది సార్!"

తోవ తెరిచారు. వల తీసేశారు. రోకలి తిరిగొచ్చింది, పుంజు బుట్టలోంచి బయటపడింది. ఒక్కరోజు చినతల్లి కడుపునిండా నీళ్ళు తాగింది.

రెండో రోజున బెంచీలు దిగాయి. బడిపిల్లలు, పర్యాటకులు, మహిళా సంఘాలు, రిటైరైన ఉద్యోగులు. 'గృహస్థులు లోపలికి వెళ్ళునపుడు నిశ్శబ్దము పాటించి నాదమును ఆలకించండి' అని కొత్త బోర్డు. చినతల్లి చెంబు పట్టుకుని గడప దాటగానే తవిటినాయుడు గంట కొట్టేవాడు. బెంచీలన్నీ సద్దుమణిగేవి. అంతమంది చెవులు రిక్కించి కూర్చుంటే పిల్ల లోపల ఏం చేస్తుంది? మళ్ళీ నీళ్ళు మానేసింది.

సన్యాసమ్మ మళ్ళీ ఆఫీసుకి వెళ్ళలేదు. ఇనపసామాన్ల కొట్టుకి వెళ్ళింది. గడియ కొంది. సందర్శకులు లేనప్పుడు, తవిటినాయుడు కునుకు తీస్తున్నప్పుడు, రోకలితో మేకులు కొట్టి లోపలివైపు బిగించింది. అధికారులు తలుపుని ఎప్పుడూ బయటినుంచే చూస్తారు.

ఆ రోజునుంచి తోటగెడ్డ నాదం ఆగిపోయింది.

పర్యాటకులు కొన్నాళ్ళు వచ్చారు, తర్వాత మానేశారు. సంఘం సభ్యులు వచ్చి వాతావరణ మార్పే కారణమని తేల్చారు. ఆచార్యులవారికి ఒంట్లో బాగాలేదని కబురు వచ్చింది. నాదం అంతరించినట్టు పురపాలక సంఘం అధికారికంగా ప్రకటించి, సన్యాసమ్మ ఇంటిముందు సంతాపసభ పెట్టింది. కమిషనర్ గారు నల్లబ్యాడ్జీ పెట్టుకుని వచ్చారు. మైకు తీసుకుని, మౌనం పాటిద్దామన్నారు.

వీధంతా నిలబడింది. గాలి కూడా లేదు. ఆ మౌనంలో, ముందు వరసలో నిలబెట్టిన సన్యాసమ్మకి గొంతులో గరగర అందుకుంది.

ముందు చిన్నగా అందుకుంది. ఆ తర్వాత గోకసాగింది. మింగింది, పోలేదు. దగ్గితే పురుగు బతికే ఉందంటారు. వల వస్తుంది, బెంచీలు వస్తాయి, గంట వస్తుంది. ఇంట్లో చినతల్లి నెప్పులు ఏ పూటో అన్నట్టుంది. సన్యాసమ్మ పళ్ళు బిగించింది. పిడికిళ్ళు బిగించింది. ముఖం కందిపోయింది. నుదుటి మీద నరం లేచింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. పక్కన పోలమ్మ గ్రహించి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కమిషనర్ గారు ఆ కన్నీళ్ళు చూశారు. ఆయన గుండె కరిగింది.

"చూడండి!" అన్నారు మైకులో. "ఒక కీటకం కోసం ఇంతగా కుమిలిపోతున్న ఈ మాతృమూర్తిని చూడండి! ప్రకృతి ప్రేమ అంటే ఇదీ!" అక్కడికక్కడే శాలువా తెప్పించి సన్యాసమ్మ భుజాల మీద కప్పారు. ఒక మాట మాట్లాడమని మైకు నోటి దగ్గర పెట్టారు. సన్యాసమ్మ నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపింది. దుఃఖంతో మాట రావడం లేదని కమిషనర్ గారు జనానికి వివరించారు.

జీపు బయలుదేరింది. మెల్లగా వీధి దాటింది. మొగలో మలుపు తిరిగింది.

అప్పుడు దగ్గింది సన్యాసమ్మ. శాలువా జారిపోయేలా, అరుగుల మీది పిచికలు లేచిపోయేలా దగ్గింది. వీధి మొత్తం విన్నది. తవిటినాయుడు ముక్కాలిపీట చంకన పెట్టుకుని వెళ్ళిపోతున్నవాడల్లా ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

"ఏటైనా ఇనబడినాదా?" అన్నాడు.

"నాకేటీ ఇనబళ్ళేదు," అంది పోలమ్మ. "మీకేటైనా ఇనబడినాదేటే?"

వీధిలో ఒక్కళ్ళకీ వినబడలేదు. తవిటినాయుడు పీటని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"నాకూ నేదు," అని నడిచాడు.